మూడో విజిల్‌కి తలుపు తీసిన సాక్షి

ఆ రోజుల్లో నాకు ధైర్యం ఎక్కువని నా గట్టి నమ్మకం. అమెరికాలోని ఇర్వింగ్‌లో కొత్త ఉద్యోగం, రెండో అంతస్తులో అపార్ట్‌మెంట్, రూమ్మేట్‌గా మా బాబాయ్ (వరసకి బాబాయేం కాదు, నాకంటే రెండేళ్లు పెద్ద, పైగా వంటొచ్చు, అందుకని బాబాయ్). ఆ ధైర్యంతోనే ఒక శనివారం ఘనకార్యం చేశాను. పార్కింగ్‌లో ఓ తెల్ల పికప్ ట్రక్కు రివర్స్‌లో వచ్చి, ఎవరిదో ఎర్ర కారు డోర్‌కి సొట్ట పెట్టి చక్కా పోయింది. వెంటనే "మీ కారును గుద్దినవాణ్ణి కళ్లారా చూశాను, సాక్ష్యం చెప్తాను" అని కాగితం మీద రాసి, నా పేరు, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా ఆ కారు వైపర్ కింద పెట్టాను. "నీకెందుకురా ఊళ్లో పెత్తనాలు?" అన్నాడు బాబాయ్.

మర్నాడు మధ్యాహ్నం ముసురు పట్టింది. కుక్కర్‌లో పప్పు పడేసి, ఓ పాత బ్రిటిష్ బ్లాక్ అండ్ వైట్ సినిమా చూస్తున్నాం. హత్యను కళ్లారా చూసిన టైపిస్టు అమ్మాయి ఒంటరిగా గదిలో ఉంది. పొడుగు కోటు హంతకుడు ఆమె అడ్రస్ కనుక్కుని మెట్లెక్కుతున్నాడు. కాస్త ఊపిరి పీల్చుకుందామని కిటికీ దగ్గరికెళ్తే, కింద అదే తెల్ల పికప్! అందులోంచి పొడుగు రెయిన్‌కోటు మనిషి దిగాడు. చేతిలో నా కాగితం!

"బాబాయ్, సాక్షిని లేపేయడానికి వచ్చేశాడు!"

"పేరూ నంబరూ నువ్వే రాసిచ్చావు కదరా, ఇంక వాడికి కష్టమేముంది?"

టీవీ ఆపేసి సోఫా వెనక బోర్లా పడుకున్నాం. తలుపు మీద మూడు దెబ్బలు. మేం ఇంట్లో లేనట్టే ఉన్నాం. (గుమ్మం బయట మా చెప్పులూ బూట్లూ ఆరు జతలు హాజరు పట్టీలా ఉన్నాయన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.) అంతలో కుక్కర్ విజిల్ వేసింది. "హలో?" అన్నాడు బయటివాడు. పాక్కుంటూ వెళ్లి తలుపు కన్నంలోంచి చూశాను. వాడు వంగి కాళ్ల దగ్గర ఏదో లాగుతున్నాడు. "కత్తి తీస్తున్నాడు బాబాయ్!" రెండో విజిల్. మూడోది కూడా అయింది. "చస్తే చద్దాం గానీ పప్పు మాడితే మాత్రం ఊరుకోను" అంటూ బాబాయ్ స్టవ్ దగ్గరికి లేచాడు. ఇక దాక్కుని లాభమేముందని, దేవుడా అనుకుంటూ తలుపు తీశాను.

తడిసి ముద్దయిన పెద్దాయన! బూట్లు విప్పి మా చెప్పుల వరసలో బుద్ధిగా పెట్టి, చిరుగు సాక్సులతో నిలబడ్డాడు. నిన్న కంగారులో వెళ్లిపోయాడట, మనసు ఊరుకోలేదట, తప్పు ఒప్పుకుందామని తిరిగొస్తే నా కాగితం కనబడిందట. "ఆ కారెవరిదో చెప్తావా, సన్?" అన్నాడు. నాకూ తెలీదు. నేను గొడుగు పట్టగా, ఇద్దరం కలిసి తలుపు తలుపూ తట్టాం. నాలుగో తలుపు తీసినావిడదే ఆ ఎర్ర కారు. చెడామడా తిట్టి, ఆఖరికి ఆయనతో చేయి కలిపింది.

ఇప్పుడు మా ఇంటికి డోర్‌బెల్ కెమెరా ఉంది. బెల్ మోగితే ఫోన్‌లో చూసి, తెలియని మొహమైతే చప్పుడు చేయకుండా కూర్చుంటాను. ఆ సినిమా మళ్లీ చూడలేదు, ఆ అమ్మాయి బతికిందో లేదో నాకు ఈ రోజుకీ తెలీదు. కానీ గడగడా వణుకుతూ కూడా తలుపు తీసిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయగానూ ఉంటుంది.