వద్దన్న బొప్పాయి

ఒక్క బొప్పాయి ముక్క వద్దన్న పాపానికి, యాకుత్‌పురాలో మా గల్లీ అంతా కలిసి నాకు నెల తప్పించింది. నవ్వకండి, ఆ వారం నేను పడ్డ తిప్పలు పగవాళ్ళకు కూడా వద్దు.

అవి యుద్ధం రోజులు. రేషన్ బియ్యంలో సగం రాళ్ళే. మాకు రెండు బర్రెలుండేవి, ఆ పాలు అమ్మితేనే పొయ్యి వెలిగేది. కొట్టం వెనక ఒక బొప్పాయి చెట్టు ఎవరూ పట్టించుకోకుండా అంట్లు తోమిన నీళ్ళు తాగి విరగకాసేది. పండ్లన్నీ చిలకల పాలు. కొత్తకోడలినైన నాకు తెలివి పొంగింది.

"అత్తమ్మా, బియ్యం లేకుంటె ఏమాయె? గీ చెట్టే మనల్ని సాకుతది!"

ఇక చూడండి. పొద్దున పండు, పగలు పచ్చికాయ కూర, రాత్రి జొన్నరొట్టె పిండిలోనూ అదే.

"ఏందే ఇది? ఇంకొన్ని దినాలైతె నాకు రెక్కలొస్తయ్," అన్నాడు మా ఆయన.

అందరికంటే ఎక్కువ తినాల్సింది నేనే కదా, సలహా నాదాయె! ఒక పొద్దున ఆ వాసనకే ముఖం తిప్పుకున్నాను. అత్తమ్మ ముక్కలు కోసి పళ్ళెం ముందు పెట్టింది.

"నాకొద్దు అత్తమ్మా."

"ఎందుకు బిడ్డా?"

విసుగొచ్చిందంటే పరువేం కాను? తల దించుకుని "ఊకెనే" అన్నాను.

కడుపుతో ఉన్నవాళ్ళు బొప్పాయి ముట్టరని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ క్షణాన మాత్రం తట్టలేదు. అత్తమ్మ కళ్ళల్లో సంతోషంతో నీళ్ళు తిరిగాయి. గోడ దగ్గరికి పరుగెత్తి, మేం ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దావిడను కేకేసింది.

"ముబారక్ బేటీ!" అంటూ ఖాలా మామిడికాయ అచార్ జాడీతోనే వచ్చేసింది.

"అసొంటిదేం లేదు ఖాలా!"

"షర్మాతీ హై, సిగ్గువడుతున్నది!" అని ఇద్దరూ మురిసిపోయారు.

రాత్రి మా ఆయన అలిగాడు. "నాకు చెప్పకుండ గల్లీకి చెప్తవా?"

"నాకు గూడ ఎవ్వలు చెప్పలేదయ్యా!"

కాదన్నకొద్దీ సిగ్గనే అన్నారు. అమ్మాల్సిన పాలు చెంబుల కొద్దీ నా గొంతులో పోశారు. చివరికి అత్తమ్మ తీర్మానించింది. "ఇంట్ల గా చెట్టు ఉండొద్దు. కొట్టెయ్ కొడుకా!"

మా ఆయన గొడ్డలి ఎత్తాడు. విసుగు సంగతి తర్వాత, ఆ చెట్టే పోతే రేపు తినేదేమిటి? ఉరికిపోయి చేతికందిన పండు తెంపి, అందరి ముందూ తొక్కతో సహా కొరికి తిన్నాను.

"అయ్యో, ఉమ్మెయ్ బిడ్డా!"

"కడుపు లేదు, ఏం లేదు అత్తమ్మా! తిని తిని యాష్టకొచ్చింది, గంతే!"

మా ఆయన ఎత్తిన గొడ్డలి కింద పెట్టేశాడు. అత్తమ్మ అరుగు మీద కూలబడింది. వాడిన ఆమె ముఖం చూసి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అంది.

"గా ముక్క ముందుగాల చెప్పొద్దా పిల్లా? నాకు గూడ ఎప్పుడో యాష్టకొచ్చింది. నువ్వు చిన్నబోతవని మింగుతున్న."

మరుసటేడు నిజంగానే కడుపుతో ఉండి వద్దనాల్సి వచ్చింది. ఈసారి సంతోషంగా, గట్టిగానే "నాకొద్దు" అన్నాను, అంతే. అత్తమ్మ పళ్ళెం ఇంకాస్త ముందుకు జరిపి, "నీ నాటకాలు నాకు తెల్వయా? తిను," అంది.

కాబట్టి, బర్రెల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీద ఏది వద్దన్నా కారణం కూడా చెప్పే వద్దంటాను. పరువు పోతే పోనీ.