సువార్త చేతిలో కొమ్ము

ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు ఎండిందో లేదో చెప్పేది సువార్తే. కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టుకొని విరుస్తుంది. ‘టప్’మంటే ఎండినట్టు. చప్పుడు రాకపోతే రైతు ఎంత బతిమాలినా తల అడ్డంగా ఊపుతుంది. ఆమె కూతురు కెజియ దేశం తరఫున హాకీ ఆడుతుంది, గోల్‌కీపర్. నిరుడు మోకాలికి ఆపరేషనై, మళ్లీ ఇప్పుడే ఆటకు దిగింది. కూతురి ఆట వస్తుంటే సువార్త ఫోనుకు వీపు తిప్పి కూర్చుంటుంది. తను చూస్తే బిడ్డ ఓడిపోతుందని భయమేమోనని యార్డులో అందరూ అనుకుంటారు.

ఇవాళ సెమీఫైనల్. స్కోర్లు సమమై ఆట షూటౌట్‌కు వచ్చింది. ఎదుటి జట్టులో గోల్ కొట్టాల్సింది ఇక ఒక్క పిల్లే, ఆమెను ఆపితే గెలుపే. పక్కన పసుపు ఏరే లస్మవ్వ ఫోను బస్తాకు ఆనించింది. తన పసుపు సంగతి తేలాల్సిన రైతు గంగారాం కూడా అటే చూస్తున్నాడు. సువార్త చెవి దగ్గర కొమ్ము అలాగే ఉంది. బొటనవేళ్లు తెల్లబడ్డాయి గానీ విరవడం లేదు.

“ఆ పిల్ల ఉరికొస్తుంది... కెజియ అడ్డం పడ్డది! ఆపింది! గెల్సినం సువార్తా!” లస్మవ్వ అరిచింది.

యార్డంతా కేకలు. సువార్త తిరగలేదు.

“లేచిందా?”

“గెల్సినమంటున్న గదనే!”

“గది గాదు లస్మవ్వా. బిడ్డ లేచిందా?”

లస్మవ్వ గబుక్కున ఫోనులోకి వంగింది.

“లేచింది. ఉరుకుతుంది.”

కొమ్ము టప్‌మంది.

“ఎండింది పటేలా,” అంది సువార్త గంగారాంతో. “కాంటా పెట్టున్రి.”