ఒకే పలుకు, రెండు కష్టాలు

దొర్నిపాడు లూదియా ఇంటర్ దాకా తెలుగులోనే చదివింది. నంద్యాలలో నర్సింగులో చేరిన కొత్తలో రోగాల పేర్లకు నోరు తిరగక ఏడ్చేది. సెలవులకు ఇంటికొస్తే నాయన రాజరత్నం పక్కన శనక్కాయలు ఒలుస్తూ వల్లె వేసేది.

"అన్నిటికీ ముందర డిస్ డిస్ అంటాండావ్, ఏందది?" అన్నాడాయన.

"కష్టం నాయనా. డిస్‌నియా అంటే ఊపిరి కష్టం. రాసేటప్పుడు మధ్యలో 'ప' ఉంటాది గానీ పలకకూడదంట. డిస్‌ఫేజియా అంటే మింగనీకి కష్టం. ఇంకో డిస్‌ఫేజియా ఉంది, అది మాటకు కష్టం."

"రెండూ ఒకటే అంటివే!"

"ఇంగ్లీషులో రాసేది వేరే, ఒకదానికి 'జి', ఇంకోదానికి 'ఎస్'. మన నోట్లో రెండూ 'జ'నే."

ఆయన నవ్వలేదు. "అట్లయితే చెవిని నమ్మాకు తల్లీ, అడిగి తెలుసుకో" అన్నాడు.

పదేళ్లు గడిచాయి. లూదియా నంద్యాలలోనే ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఒకరోజు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి, ఆళ్లగడ్డ నుంచి పక్షవాతంతో వచ్చిన కమలాక్షమ్మ, పక్క మంచం వాళ్ల ఇడ్లీ పొట్లం వైపే చూస్తోంది. ఆమెకు కుడిచెయ్యి, మాట పడిపోయాయి.

"సిస్టర్, నిన్న మధ్యాహ్నం నుంచి మాయమ్మకు నోట్లో చుక్క పడల్యా. మింగనీకి రాదంట, ఏమీ పెట్టాకండని చెప్పినారు" అన్నాడు కొడుకు మద్దిలేటి.

లూదియా అవ్వ గొంతు వైపు చూసింది. అవ్వ గుటక వేస్తోంది, దగ్గు రావడం లేదు. కేసు షీటులో మాత్రం 'జి' ఉన్న స్పెల్లింగు, అంటే 'మింగడం కష్టం' అని ఉంది. నిన్న డాక్టరు ఫోనులో చెబితే కొత్త నర్సు జెస్సికా రాసుకున్నది. లూదియా వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది.

"సార్, అవ్వకు మింగడం కష్టమా, మాట కష్టమా?"

"మాటమ్మా! మింగడం పరీక్ష చేసి తాగించమన్నాను కదా. ఉండు, నేనే వస్తున్నా."

ఆయన వచ్చి అవ్వను కూర్చోబెట్టి చెంచాతో నీళ్లు పోశాడు. ఒకటి, రెండు, మూడు. దగ్గు రాలేదు. తర్వాత లూదియా జావ తాగిస్తుంటే అవ్వ కళ్లు మూసుకుని తాగింది. మద్దిలేటి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ బయటికి పోయాడు.

జెస్సికా ఏడుస్తూ వచ్చింది. లూదియా తిట్టలేదు. "ఫోనులో విన్న పేరుకు తెలుగు అర్థం కూడా అడిగి రాసుకో పాపా. సిగ్గుపడాకు" అంది. నాటి నుంచి ఆ వార్డులో అదే పద్ధతి.

పన్నెండోనాడు కమలాక్షమ్మ ఇంటికి బయల్దేరింది. లూదియా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి, మాట దొరక్క పెదాలు కదిలించి, చివరికి "అన్నం" అంది. అనాలనుకున్నది అది కాదని ఆమె ముఖమే చెప్పింది.

"తింటాలే అవ్వా" అని లూదియా ఆమె తల నిమిరింది.