మోటర్ల తబియత్ అడిగే మక్సూద్ భాయ్

మక్సూద్ భాయ్ ఏ మోటర్‌నైనా సరే, దాని తబియత్ అడగకుండ విప్పెటోడు కాదు. తిరుమలగిరిల ఆయన మోటర్లు బాగుచేసే దుకాణం, నా రేడియోల దుకాణం ఒకే గోడకు అటొకటి ఇటొకటి. పదిహేనేండ్లు ఆ ముచ్చట్లన్ని నా చెవుల వడ్డయి. మోటర్ మీద చెయ్యి వెట్టి, కండ్లు మూసుకొని, ఏమైంది బేటా, నిద్ర పట్టలేదా అని అడిగెటోడు. జవాబు విన్నట్టే తలకాయ ఊపెటోడు. మోటర్ తెచ్చిన మనిషిని మాత్రం ఒక్క మాట అడిగెటోడు కాదు.

ఒకపారి కాటమయ్య అనే రైతు, బాయిల నీళ్లు అడుగంటినా చూడక మోటర్ నడిపి కాల్చుకొచ్చిండు. మక్సూద్ భాయ్ దానితోని చానసేపు గుసగుసలాడి, పాపం నీళ్లు లేక దీనికి దూపయిందంట అని చెప్పిండు. మోటర్‌కు దూపేందని కాటమయ్య తొవ్వ పొడుగునా గొణిగిండు. ఆ ఎండకాలమంతా మాత్రం పొద్దున లేస్తే బాయిల తొంగి చూసుడే.

తొంభై ఎనిమిదిల వడ్రంగి ఎల్లస్వామి కట్టె కోసే మిషన్ వెట్టిండు. అరవై ఐదేండ్ల మనిషి, చేతులు వణికి రంపం గుంజలేకపోతుండె. ఆయన జాగాకు మూడు ఫేజుల కరెంటు లేదు. అందుకని ఒక్క ఫేజును మూడు చేసి మోటర్‌కిచ్చే ఇన్వర్టర్ డబ్బా పట్నం నుంచి తెచ్చిండు. బడి తెరిచేలోపు నలభై బెంచీలు చేసియ్యాలె.

మిషన్ ఉత్తగ బాగనే తిరుగుతది. కట్టె ఆనిస్తే మూలిగి ఆగిపోతది. ఎల్లస్వామి రంపం బిళ్ల మార్చిండు, బెల్టు బిగించిండు, ఫాయిదా లేదు. మోటర్ మంచిదే, ముసలాయనకే నూకే బలం లేదని బజారంత నవ్వింది. ఇగ మిషన్ అమ్మేస్తా, బెంచీలు వేరేటోళ్లకియ్యుండ్రి అని ఆయన బడికి కబురంపిండు. మూడొద్దుల సంది అన్నం ముడుతలేడని ఆయన భార్య నర్సింగమ్మ మా దగ్గరికొచ్చి చెప్పుకున్నది.

ఇద్దరం పోయినం. మక్సూద్ భాయ్ మోటర్ పక్కన కూసొని హాల్‌చాల్ అడిగిండు. ఇది మీ ముందట సిగ్గుపడుతాంది, జర మంచినీళ్లు తెండ్రి అని ఎల్లస్వామిని లోపలికి పంపి, మూత తీసిండు. నేను తొంగి చూసిన. మోటర్ లోపలి ఇత్తడి పట్టీలు నాలుగు వందల వోల్టులకు పెట్టే స్టార్ కనెక్షన్‌ల ఉన్నయి. గా డబ్బా ఇచ్చే రెండు వందల ఇరవై వోల్టులకు డెల్టా కలపాలె. లేకుంటే బలం మూడోవంతే వస్తది. ఎల్లస్వామి ఎవరినీ పిలువక సొంతంగ బిగించుకున్నడు.

మక్సూద్ భాయ్ పట్టీలు మార్చి మూత వెట్టిండు. ఎల్లస్వామి వచ్చి టేకు పలక ఆనిస్తే, మిషన్ దోసకాయ కోసినట్టు కోసింది. నేను నోరు తెరవబోతే మక్సూద్ భాయ్ నా కాలు తొక్కిండు.

"కొత్త జాగా గదన్నా, జర అలిగింది. సముదాయించిన," అన్నడు.

తొవ్వల అబద్ధమెందుకాడినవని అడిగితే సైకిల్ ఆపిండు.

"ఆయన చేతులు వణుకుతున్నయని ఊరంత అంటనే ఉంది. గీ తప్పు గూడ నీదే అంటే రేపటి సంది మిషన్ ముట్టడు. మోటర్‌దేముంది, దానికి ఇజ్జత్ పోదు."

బెంచీలు బడి తెరిచే ముందురోజే చేరినయి. ఆ తెల్లారి ఎల్లస్వామి నా దుకాణంకొచ్చి, మూత విప్పి చూసిన, పట్టీలు మారినయని మెల్లగ చెప్పిండు. నేను చేతిల ఉన్న రేడియోల తలకాయ దూర్చిన.

"నాకు తెలిసిందని మక్సూద్‌కు చెప్పకు," అన్నడు. "మోటర్ అలక తీర్చిననని పాపం మురిసిపోతుండు."