ఆదివారం వంతు

మొన్న ఆదివారం మిర్యాలగూడల పెండ్లికి పోయినం. మా ఎదురింటి మామ మనుమరాలి పెండ్లి. ఫంక్షన్ హాల్ల డీజే చప్పుడుకు చెవులు పగులుతున్నయి. సరిగ్గ సాయంత్రం ఆరు గొట్టంగ మా తమ్ముని ఫోన్ల అలారం మోగింది. వాడు చేతిలున్న మిర్చిబజ్జి పక్కన పెట్టి, ఒక కుర్చీ గుంజి తన పక్కన వేసుకున్నడు. ఎవరో చుట్టాలామె అందుల కూసోబోతే "అది ఖాళీ లేదమ్మా" అన్నడు. ఆమె వింతగ నా దిక్కు సూసింది. నేనేం చెప్పాలె? ఆ కుర్చీ ముచ్చట చెప్పాలంటే ముందుగాల నా తప్పు చెప్పుకోవాలె.

మాది నిడమనూరు అవతల కాలువ కింద పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్‌గ చేసిన. పెనిమిటి పోయినంక తమ్ముని ఇంట్లనే ఉంటున్న. నోరు జర పెద్దదే, ఆ మాట నేనే ఒప్పుకుంట. తమ్ముడు బంగారం అసొంటోడే గని కల్తీ కల్లు మరిగిండు. అండ్ల ఏం మందు కలుపుతరో ఏమో, ఒక్కపూట దొరకకుంటే వాని మెడ నిలబడేది కాదు, గోడ మీద పాములు పారుతున్నయని కేకలు పెట్టేటోడు. మరదలు విసిగి చిలుకూరుల తల్లిగారింటికి పోయింది. ఒక యాసంగి పంటల కాలువ నీళ్ల వంతు కాడ లొల్లయింది. తాగిన కోపంల వాడు ఎదురింటి మామను పార కామ కట్టెతోటి కుడి మణికట్టు మీద కొట్టిండు. ఆ చెయ్యి మళ్ల వంగలే. మామ కేసు పెట్టలే. ఆయన ఇద్దరు కొడుకులు మాత్రం "ఇంకోసారి తాగి మా వాకిట్ల అడుగు పెడితే కాళ్లుండయి" అని నడివాడల నిలబడి చెప్పిర్రు. ఉత్తగ బెదిరిచ్చే మనుషులు కాదు వాళ్లు.

అట్ల భయంభయంగ బతుకుతున్నప్పుడు వచ్చింది చర్చి సిస్టరమ్మ. ఒకప్పుడు నర్సు, కోదాడ దిక్కు మనిషి, సూర్యాపేటల చర్చి పక్కన చిన్న ఇంట్ల ఉండి, తాగుడు మాన్పిచ్చుకుంట ఊరూరు తిరిగేది. బూడిదరంగు చీర, నెత్తిన హెల్మెట్, పాత స్కూటీ. "మమ్ముల మీ మతంల కలుపుకోను వచ్చినవా?" అని మొఖం మీదనే అడిగిన. "ముందు టీ ఇవ్వండి, పోట్లాట తర్వాత పెట్టుకుందాం" అన్నది. ఇగ ఆమెతో ఏం కొట్లాడుత? కల్లు ఒక్కపారి బంద్ చేస్తే పాణం మీదికొస్తదని, తమ్ముణ్ణి ముందుగాల మిర్యాలగూడ దవాఖానల పెట్టిచ్చింది. ఇంటికి తెచ్చినంక "మందుల పని అయిపోయింది, ఇక మీ వాడకట్టు పని" అన్నది. పొద్దుగూకే యాళ, ఆరు నుంచి ఏడున్నర దాక, వాని కాళ్లు కల్లు అమ్మే కాంపౌండ్ దిక్కు గుంజుతయి. ఆ గంటన్నర రోజుకొక ఇంటోళ్లు వచ్చి వాని పక్కన కుర్చేసుకొని కూసోవాలె. ముచ్చట పెట్టినా సరే, పెట్టకున్నా సరే. కాలువ నీళ్లకు వంతులు రాసుకున్నట్టే కాగితం మీద వంతులు రాసింది. ఆదివారం కాడ మామ పేరు రాసింది.

నాకు ఒళ్లు మండింది. "చెయ్యి ఇరగ్గొట్టిన వాని పక్కన ఆయన్ని కూసోవెడ్తవా? నీకేమన్న తెలివున్నదా?" అన్న.

"ఆయనకన్నా జాగ్రత్తగా మీ తమ్ముణ్ణి ఎవరు కనిపెట్టుకుంటారండి? మళ్లీ తాగితే మొదటి దెబ్బ ఆయనకే కదా" అన్నది సిస్టరమ్మ.

మామకు కూడ అదే మాట చెప్పిందట. ఏం ఆలోచించిండో ఏమో, కొడుకులు వద్దన్నా వచ్చిండు. మొదటి ఆదివారం కుర్చీని పార దెబ్బ అందనంత దూరం వేసుకున్నడు. నెల రోజులు ఒక్క మాట లేదు. నేను టీ ఇస్తే ఎడమచేత్తోని తీసుకునేటోడు. ఆ తర్వాత ఎలుకలు వరి కొరుకుతున్నయని ముచ్చట మొదలైంది, వరి మీద నుంచి నాయకుల మీదికి పోయింది. ఐదు నెలలు గడిచేసరికి రెండు కుర్చీలు ఆనుకునే ఉండేటియి. సిస్టరమ్మ వచ్చినప్పుడల్ల ఆ కుర్చీల నడుమ జాగనే సూసేది, మమ్ముల ఏం అడిగేది కాదు.

అగో అప్పుడే ఒక ఆదివారం నాడు ముత్యాలమ్మ పండుగొచ్చింది. అమ్మ ముందట కల్లు సాక పోసి, మిగిలినదాన్ని మోదుగాకు దొప్పల పట్టుకొని తమ్ముని కాడికి పోయిన. "అక్కా, నాకొద్దు" అన్నడు. "ఇది కల్లు కాదురా, అమ్మ సాక. కండ్లకద్దుకొని ఒక్క గుక్క తాగు" అన్న. "వద్దక్కా" అన్నడు మళ్ల. "అమ్మతల్లికి కోపమొస్తది, ఇల్లు ఆగమైతది" అని బెదిరిచ్చిన. తాగిండు. ఒక్కటే గుక్క. పగటీలి మూడు గంటలకు సూస్తే ఇంట్ల లేడు.

ఆరు గంటలకు వచ్చిండు, భుజం మీద పార. తూలుకుంట పోయి మామ వాకిట్ల నిలబడి "నా నీళ్ల వంతు నాకిడువు!" అని కేకలు. మామ కొడుకులు కట్టెలందుకున్నరు. సిస్టరమ్మకు ఫోన్ చేసిన.

"నేను రావడానికి గంటన్నర పడుతుందండి. ఇవాళ ఎవరి వంతు?"

"ఎదురింటి మామది" అన్న ఏడ్సుకుంట.

"అయితే ఆయన్నే కూర్చోమనండి" అన్నది.

ఈమెకు పిచ్చి లేసింది అనుకున్న. నేను చెప్పకముందే మామ రెండు కుర్చీలు ఎడమచేత్తోని ఈడ్సుకొచ్చి వాడ నడుమ వేసిండు. పార అందే దూరంలనే కూసున్నడు. "ఆరయింది. నా వంతు. కూసో అల్లుడా."

"నాయినా, పక్కకు జరుగు! మాట తప్పినోనికి మర్యాదేంది?" అని పెద్దకొడుకు ముందటికొచ్చిండు.

మామ కొడుకు దిక్కు సూడనేలే. "ఎవరు తాపిర్రు నీకు?" అని తమ్ముణ్ణి అడిగిండు. వాడు నా దిక్కొకసారి సూసి తల దించుకున్నడు. అంత తాగుండి కూడ నా పేరు చెప్పలే. ఛీ, నా బతుకు! పెద్దకొడుకు చేతిల కట్టె లేసింది.

"నేనే తాపిన!" అని నడుమకు ఉరికిన. "వాడు రెండుసార్లు వద్దన్నడు. అమ్మ పేరు చెప్పి నేనే బెదిరిచ్చిన. కొడితే నన్ను కొట్టుర్రి."

కట్టె ఆగింది. "పిల్లలకు పాఠాలు చెప్పేది నువ్వేనా వదినా?" అన్నడు పెద్దకొడుకు. కట్టెతోని కొట్టినా అంత తగలకపోవు. తమ్ముడు పార కింద పడేసి కుర్చీల కూలవడ్డడు. మామ తన వంగని చెయ్యి తెచ్చి వాని చేతుల మీద పెట్టిండు. సిస్టరమ్మ వచ్చేదాక తియ్యలే.

ఆమె వచ్చి వాళ్లిద్దరిని సూసి హెల్మెట్ తీసింది. నేను సాక తాపిన సంగతి చెప్పుకున్న. వంతుల కాగితం తీసి కింద ఇంకో గీత గీసింది. "ఈ ఇంట్లో ఇద్దరికి కాపలా కావాలండి. పండగ వచ్చినప్పుడల్లా మీ పక్కన ఒకరు కూర్చుంటారు" అన్నది. ఏడుస్తున్నదాన్ని నవ్విన. తెల్లారి తమ్ముణ్ణి మళ్ల దవాఖానకు తోలుకపోయినం. ఆ తర్వాత వాడు ముట్టలే. మళ్ల పంటకు మరదలు తిరిగొచ్చింది.

పోయిన వానకాలం మామ పోయిండు. సిస్టరమ్మను వేరే ఊరికి మార్చిర్రు, ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తది. మొన్న పెండ్లిల ఆ కుర్చీ ఖాళీగనే ఉంటదేమో అని దిక్కులు సూసిన. స్టేజీ మీద ఫోటోలు దిగుతున్న పెండ్లిపిల్ల తండ్రి, అగో, ఆనాడు కట్టె లేపిన పెద్దకొడుకే, గడియారం సూసుకొని కిందికి దిగొచ్చి అందుల కూసున్నడు. పై నుంచి పిలుస్తున్నా కదల్లే, "మా నాయిన వంతు" అన్నడు. వాడు మానేసి ఎన్ని ఏండ్లాయెనో తల్సుకుంటే ధైర్యంగనే ఉంటది గని, సాయంత్రం ఆరు మాత్రం మా తమ్మునికి రోజూ కొత్తగనే అయితది.