కొబ్బరినూనె రాసిన శాక్సఫోన్

చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసాను బోర్లించి అరచేతి మీద కొడుతుంటే నాన్న గుర్తొస్తాడు. తెల్లగా పేరుకున్న ఆ నూనె ఒకసారి ఆయన ఉద్యోగాన్నే గడ్డకట్టించబోయింది.

నాన్న ఒక శాక్సఫోన్ల కంపెనీ ప్రతినిధి. కంపెనీ పేరు చెప్పినా మీకు తెలియదు. అప్పుడూ ఎవరికీ తెలియదు. తెలిసేలా చేయడమే ఆయన ఉద్యోగం. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న పెళ్లి బ్యాండ్లన్నీ ఆయన ఇలాకా. ఆయనకు వాయించడం రాదు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "సెప్పులు అమ్మేవోడు అన్నీ తొడుక్కుని తిరుగుతాడేటి?" అనేవాడు. ఒక్క ఊరేగింపుకి వాయించి చూడమని బ్యాండు మాస్టార్ల చేతిలో శాక్సఫోన్ పెట్టేవాడు. వాళ్లు వాయించేవారు, మెచ్చుకునేవారు, తర్వాత పేరున్న కంపెనీది కొనుక్కునేవారు. నేను టెక్కలిలో డిగ్రీ చదువుతుండగా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: ఈ మాఘమాసం పెళ్లిళ్లలో ఒక్కటైనా అమ్మకపోతే ఇక పనిలోకి రానక్కర్లేదు. మా ఇంట్లో వచ్చే జీతం అదొక్కటే.

ఆ మాఘంలో చివరి అవకాశం డొంకూరులో పెళ్లి. పెళ్లికూతురు నా క్లాస్‌మేట్ కావడంతో నేనూ వెళ్లాను. బయలుదేరే ముందు చూస్తే మీటలకు రాసే నూనె అయిపోయింది. నాన్న వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి రాశాడు. "కొబ్బరితోటల మజ్జన బతుకుతూ నూనికి దేవులాడతామేటే?" అన్నాడు. నేను సైన్సు విద్యార్థిని. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుందా అని పరీక్షలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తెల్లవారుతూనే పెళ్లికొడుకు ఊరేగింపు మొదలైంది. సముద్రం మీంచి చలిగాలి. నాన్న చేతిలో పెట్టిన శాక్సఫోన్‌ను కంచిలి బ్యాండు మాస్టారు అప్పలస్వామి ఊదాడు. నొక్కిన మీట మళ్లీ పైకి లేవలేదు. పెళ్లికొడుకు పది అడుగులు నడిచినా శాక్సఫోన్ ఒకే స్వరం మీద నిలబడిపోయింది.

"పెళ్లికి పిలిత్తే ఓడ కూత ఎడతన్నావేట్రా!" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ.

"ఏటి బావా, నీ బాకాకి పడిశం పట్టినాదేటి?" మాస్టారు నాన్న వైపు తిరిగాడు.

సముద్రపు తేమ వల్ల అనేస్తే సరిపోయేది. అంటాడనే అనుకున్నాను, అనాలనే కోరుకున్నాను.

"తప్పు దానిది కాదు బావా, నాది. కొబ్బరినూని రాసినాను," అన్నాడు నాన్న.

ఊరేగింపంతా నవ్వింది. పక్కనే డప్పులవాళ్లు ఎండు కొబ్బరి మట్టలు మండించి డప్పులు కాచుకుంటున్నారు. "అయితే దీనికీ సెగ సూపించు," అన్నాడు మాస్టారు. నాన్న మంటకి కాస్త దూరంగా దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, కరిగిన నూనెను నా చున్నీతో తుడిచాడు. చున్నీ కొత్తది, అది చెప్పే సమయం కాదు. మీటలు ఒక్కొక్కటే లేచాయి. మాస్టారు మళ్లీ ఊదాడు. ఆ పాట ఇసుక మీదుగా పెళ్లికూతురి గుమ్మం దాకా ఎక్కడా ఆగలేదు. నేను ఊపిరి పీల్చుకున్నది ఆ గుమ్మం దగ్గరే.

"అమ్మేవోడు తప్పు నాదనడం ఈ జన్మలో ఇదే సూడ్డం," అన్నాడు అప్పలస్వామి. "దీన్నిక్కడే ఒగ్గీ, నానే కొంతాను. నూని మాత్రం నువ్వు రాయకు!"

తిరుగు బస్సులో నాన్న నా భుజం మీద తల వాల్చి పలాస దాకా నిద్రపోయాడు. ఆ ఉత్తరం వచ్చాక ఆయన అంతగా నిద్రపోవడం అదే మొదలు.

ఇప్పుడు నా ఆఫీసులో ఏదైనా బెడిసికొడితే ముందు నా నోటికొచ్చేది సముద్రపు తేమే. కాసేపు తటపటాయించి నాన్న మాటే చెబుతాను. జనం నవ్వుతారు. నవ్వాక సెగ ఎక్కడుందో ఎవరో ఒకరు చూపిస్తారు.