బెల్లం తిన్న మోటారు సైకిలు

ఎడారిలో దారి తప్పినవాళ్ళ కథలు మీరు వినే ఉంటారు. దాహంతో అల్లాడినవాళ్ళు, ఇసుక గాలిలో చిక్కినవాళ్ళు, అందరూ ధీరులే. ఎడారికని బయలుదేరి కుప్పంలో సర్వనాశనమైనవాణ్ణి మాత్రం మీరు చూసి ఉండరు. కుర్చీ కాస్త ముందుకు జరుపుకోండి, చూపిస్తాను.

ముందు మా వంశం గురించి ఒక మాట. చెప్పకుండా కథలోకి దిగితే నా వెన్నెముక ఒప్పుకోదు. సోమల వైపు కొన్ని పల్లెలు ఒకప్పుడు మావి. పల్లెలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మేమే లేము. మా తాతలు నేతులు తాగారు. మా మూతులు వాసన చూడండని అడిగితే వినేవాళ్ళు కూడా కరువై, నేను మదనపల్లెలో మిద్దె మీది అద్దె గదిలో ఉంటూ బడిలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటున్నాను. వారసత్వంగా నాకు దక్కినవి నిటారుగా నిలబడే నడుము, నాన్నగారి పాత మోటారు సైకిలు. రెండూ వంగవు, రెండూ సులభంగా కదలవు.

ఇక దానియేలు. చిన్ననాటి నేస్తం. అతని తాత మా తాత గుర్రాల దగ్గర పనిచేశాడు. మనుమడు ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగి. నెల తిరిగితే జీతం, కింద కొత్త బండి. మిషన్ బడిలో మా ఇద్దరిదీ ఒకే బెంచీ. ఎదురుగా గోడ మీద దేశ పటం వేలాడేది. ఒకనాడు ఇంటర్వెల్లులో దానియేలు ఆ పటంలో పడమటి మూలకు వేలు పెట్టాడు. అక్కడ ఊళ్ళ పేర్లు పలచబడి పసుపు రంగు ఒక్కటే మిగిలింది.

"పెద్దయినాక ఆడికి పోవాల్రా మనం."

"ఏముంది అక్కడ?"

"ఏమీ లేదు. అందుకే. ఆడ మనల్ని చూసి ఎవురూ 'ఎవరి మనమడివప్పా' అని అడగరు."

మా వైపు కొత్త మనిషి కనబడితే మొదటి ప్రశ్న అదే. అది వినబడితే నేను రెండంగుళాలు పెరిగేవాణ్ణి. అతను అంతకంతా కుంగేవాడని అప్పట్లో నాకు తట్టలేదు. ఆ పసుపు రంగు మాత్రం నా కళ్ళలో పడిపోయింది. తరవాత ఏ పాఠం చెబుతున్నా, ఏ పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నా, కళ్ళు మూస్తే అదే కనబడేది: ఎవరి పేరూ రాయని నేల, దాని మీద రెండు బళ్ళు పక్కపక్కన.

ఏళ్ళు గడిచాయి. దానియేలుకు పెళ్ళి కుదిరింది. ఒకరోజు బడి గేటు దగ్గరికి వచ్చాడు.

"లీవు దొరికిందిరా. మే నెలలో. పోతే ఇప్పుడే. పెండ్లయినాక మనల్ని యాడ వదుల్తారు?"

"మే నెలలో ఎడారా? మాడిపోమూ?"

"దొరలకు ఎండ తగిలితే కందిపోతారా ఏమి?"

ఆ మాట చాలు నాకు. ఆ సాయంత్రమే ఎండకు అభ్యాసం ప్రకటించాను. అయితే మదనపల్లె చల్లని ఊరు. ఇక్కడ ఎండ కూడా గొడుగు వేసుకుని వస్తుంది. అందుకని తాతగారి ఉన్ని కోటు బయటికి తీసి, మెడ దాకా గుండీలు పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం మిద్దె మీద పచార్లు మొదలుపెట్టాను. కింద నుంచి ఇంటి యజమానురాలు మునెమ్మగారు తల ఎత్తి చూసింది.

"ఏమప్పా అయ్యవారూ, సలిజొరమా?"

"కాదమ్మా. ఎడారికి అభ్యాసం."

"ఎడారికా! ఆ కోటు ఈడ పారెయ్యి నాయనా, ఇడ్లీ పిండి పులిసేదానికి కప్పుకుంటా."

దానియేలు ఇంకో ఉపాయం చెప్పాడు. కుప్పం దగ్గర శాంతిపురం వైపు రాతి గనులున్నాయి. మే మధ్యాహ్నం ఆ రాళ్ళ మధ్య నిలబడితే సెగ కింద నుంచీ పై నుంచీ కొడుతుంది. అసలు ప్రయాణానికి రెండు రోజుల ముందు అక్కడిదాకా బళ్ళు నడిపి, బళ్ళనూ మమ్మల్నీ పరీక్షించుకోవాలని నిర్ణయం.

దారిలో పుంగనూరు. పుంగనూరులో మా రాజమ్మత్త. నాన్నగారి అక్క, మా వంశ చరిత్రకు చివరి అధికారిణి. ఆమెకు చెప్పకుండా ఊరు దాటే ధైర్యం నాకు లేదు. దానియేలు ఆ ఇంటికి రాడు. ఎందుకని నేను అడగను, అతను చెప్పడు. "బస్టాండు కాడ టీ తాగతా ఉంటా, నువ్వు పోయిరా" అన్నాడు.

అత్త బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"మన గుర్రానికి బెల్లం పెట్టినావా?"

మా ఇంట్లో అదొక ఆనవాయితీ. దూరప్రయాణం పోయే ముందు వారసుడు తన చేత్తో గుర్రం నోట్లో బెల్లం పెట్టాలి. పెట్టకపోతే గుర్రం తిరిగి ఇల్లు చేరదట.

"ఇది గుర్రం కాదత్తా, మోటారు సైకిలు."

"మోయడం లేదూ నిన్ను? మోసేదానికి మేత పెట్టకుండా ఎక్కినోడు మన వంశంలో లేడు." అత్త లోపలికి పోయి బెల్లం తెచ్చింది.

"దీనికి నోరెక్కడుంది?"

"నన్నడగతావేమిరా, సదువుకున్నోడివి? మేత యాడ పోస్తే అదే నోరు."

తర్కంలో లోపం వెతకండి చూద్దాం. నాకు దొరకలేదు. పెట్రోలు ట్యాంకు మూత తీశాను. చిటికెడు నలిపి వేయబోతుంటే అత్త చెయ్యి పట్టుకుంది.

"సిటికెడా? పిసినారి ఇంట్లో పుట్టినావా? మీ తాత దోసెడు పెట్టేవాడు."

చూడండి, ఇక్కడే మీరైతే ఆగుతారు. నేను తాతకు తగ్గలేదు.

పలమనేరు దాటేదాకా బండి కూడా వంశ మర్యాద పాటించింది. ఆ దారి నాకు ఇప్పటికీ గుర్తుంది. దానియేలు నా పక్కకు వచ్చాడు. ఇద్దరం ఒకే వేగంతో పోతున్నాం. ఎండ నడినెత్తికి వచ్చి నీడలు చక్రాల కిందికి దూరాయి. గాలి చెవుల్లో హోరెత్తుతుంటే దానియేలు ఏదో పాట అందుకున్నాడు. మాటలు వినబడలేదు. రోడ్డు చివర ఎండమావి మెరుస్తూ ఉంది. అదే ఎడారి అనుకున్నాను, మేము చేరిపోయామనుకున్నాను. నా జీవితంలో నేను ఎడారికి అతి దగ్గరగా వెళ్ళింది అక్కడికే.

శాంతిపురం ఇంకా రాలేదు. బండి దగ్గింది. గొంతు సవరించుకుంది. మళ్ళీ దగ్గింది.

"ఆపరా! ఇంజన్ కాలతా ఉండాది, ఆపు!" అని దానియేలు అరిచాడు.

"మా వంశంలో మధ్యలో ఆగినవాడు లేడు!" అని పిడి బలంగా తిప్పాను. బండి కిర్రుమని అరిచి, బిగుసుకుని ఆగిపోయింది. వంశంలో మొదటివాణ్ణి నేనే అయ్యాను.

దానియేలు తన బండికి తాడు కట్టి నన్ను కుప్పం దాకా లాక్కుపోయాడు. దారి పొడవునా చూసినవాళ్ళకు నేను చెయ్యి ఊపుతూ పోయాను, ఊరేగింపు అనుకుంటారని.

కుప్పం మెకానిక్కు మునియప్ప. గొంతు పెద్దది, నమ్మకం అంతకంటే పెద్దది. బండిని తాకకుండానే తేల్చేశాడు.

"ఎండప్పా! ఎండకు పెట్రోలు ఉడికిపోయింది. ఇంకేమీ లేదు."

నా ప్రాణం లేచి వచ్చింది. "నేనూ అదే అనుకున్నాను" అని, ఎండకూ లోహాలకూ ఉన్న వైరం గురించి అక్కడ చేరినవాళ్ళకు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. బెల్లం సంగతి నాకు గుర్తు రాలేదా అంటారా? వచ్చింది. ఇనుమునే మోసే యంత్రం బెల్లం అరిగించుకోలేదా అని ఆ అనుమానాన్ని అక్కడే కూర్చోబెట్టాను.

ఉపన్యాసం ముగిసేలోగా మునియప్ప ఒక కేక పెట్టాడు.

"ఓయప్పా! నీ బండికి సీమలు పట్టినాయి!"

గోడ పగులులో నుంచి చీమలు బారు కట్టి, స్టాండు ఎక్కి, ట్యాంకు మూత చుట్టూ మూగుతున్నాయి. నేను నలిపినప్పుడు అంటుకున్నదంతా అక్కడ పాకమై ఉంది. రాజుల సొమ్ము రాళ్ళ పాలంటారు. మాది చీమల పాలు.

"బండికి తుప్పు పట్టేది సూసినా, పొగ పట్టేది సూసినా. సీమ పట్టేది ఇదే సూడ్డం!" అంటూ మునియప్ప ట్యాంకు కింది గొట్టం ఊడదీశాడు. గోధుమరంగు బురద వేలికి తీసుకుని వాసన చూశాడు. నాలుకకు తాకించి ఉమ్మేశాడు. "బెల్లం! పాకం ముదిరింది గానీ, శెనక్కాయలు ఏసుంటే బర్ఫీ అయ్యుండును!"

వీధి వీధంతా వచ్చింది. దానియేలు నావైపు తిరిగాడు.

"అత్తింట్లో ఏం చేసినావురా?"

"ఆనవాయితీ" అన్నాను, నడుము వంచకుండా.

పెట్రోలు అందక, ఇంజన్ వేడెక్కి, లోపల పిస్టన్ పట్టేసిందట. సామాను బెంగుళూరు నుంచి రావాలి, అదీ దొరికితే. జనం నవ్వి నవ్వి వెళ్ళిపోయారు. దానియేలు మాత్రం నవ్వలేదు. తన బండి వెనక సీటు మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"బండి ఈణ్ణే ఉండనీ. నా ఎనకాల కూసో. ఎల్లుండి ఇద్దరం దీని మీదే పోతాం."

"నీ వెనకా? మా వంశంలో ఎవరూ ఒకరి వెనక కూర్చుని ప్రయాణం చేయలేదు."

"మీ తాత గుర్రం మీద వస్తా ఉంటే మా తాత ముందర పరిగెత్తి దారి ఇడిపించేవాడంట. ఇప్పుడూ అంతే కదరా! నేను ముందర, నువ్వు ఎనక. యాల బాధ?"

అంత చక్కని మాటకు ప్రపంచంలో ఎవడైనా నవ్వి ఎక్కి కూర్చుంటాడు. నేను నా వెన్నెముకను సంప్రదించాను. అది కుదరదంది.

"ఎల్లుండి తెల్లారి మీ మిద్దె కింద హారన్ కొడతా" అన్నాడు దానియేలు. "దిగొస్తే ఇద్దరం. లేకుంటే ఒక్కణ్ణే."

ఆ రోజు అతని వెనక మదనపల్లె దాకా కూడా రానన్నాను. చివరికి టమోటా పెట్టెలు దించి వెనక్కి పోతున్న వ్యాను దొరికింది. ముందు సీట్లో డ్రైవరూ, అతని మేకా ఉన్నారు. మేక జరగలేదు. ఎవరి వెనకా కూర్చోనన్న వంశోద్ధారకుడు మేక వెనక, ఖాళీ పెట్టెల మధ్య, కుళ్ళిన టమోటాల మీద ఆసీనుడై ఇల్లు చేరాడు.

అన్న రోజు తెల్లవారుతుండగా హారన్ మోగింది. నేను కోటు కూడా వేసుకుని, సంచి సర్దుకుని, మెట్ల తలుపు వెనక నిలబడి ఉన్నాను. మళ్ళీ మోగింది. మునెమ్మగారు కింద నుంచి అరిచింది: "అప్పా, ఆ పిల్లోడు నీ కోసరమే కొడతా ఉండాడు! దిగిపో నాయనా!" నా చెయ్యి గొళ్ళెం మీదే ఉంది. దిగాలని కాళ్ళు, వద్దని నడుము. కాసేపటికి బండి చప్పుడు బెంగుళూరు రోడ్డు వైపు సాగి, సన్నబడి, లేకుండా పోయింది. ఆ చప్పుడు వినబడేంతసేపూ విన్నాను. తరవాత కూడా విన్నాను.

కొన్నాళ్ళకు ఫోను మోగింది. ముందు గాలి హోరు, తరవాత మనిషి.

"ఎడారికి వచ్చేసినా రా."

"ఎట్లా ఉంది?"

"పటంలో ఉన్నెట్టే ఉండాది. పసుప్పచ్చగా. ఏమీ లేదు. నువ్వు వచ్చుండాల్సింది."

మాట మార్చాలని, "ఎవరి మనమడివని ఎవరైనా అడిగారా?" అన్నాను.

"ఎవురూ అడగలేదురా! నాకెంత హాయిగా ఉండాదో తెలుసునా? టీ అంగడి ముసలాయన మాత్రం నాకు తెలిసేటట్టు హిందీలో ఒకటడిగినాడు. ఇంత దూరం ఎనక సీటు ఖాళీగా యాల తెచ్చుకున్నావు బిడ్డా, అని."

"ఏం చెప్పావు?"

"ఖాళీ కాదు తాతా, దాని మీద మా సావాసగాడి వంశగౌరవం కూసోనుండాది. మదనపల్లె కాణ్ణించి మోసుకొచ్చినా, యాడా దిగలేదు, టీ కూడా తాగదు అని సెప్పినా!"

ఆ తరవాత దానియేలుకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, అతను ఊరు మారాడు. ఇప్పటికీ మే నెల మధ్యాహ్నం రోడ్డు చివర ఎండమావి మెరిస్తే నేను ఆగి చూస్తాను. అందుచేత, సోమల వైపు పల్లెల సాక్షిగా, నేతులు తాగిన తాతల సాక్షిగా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట దానియేలు ఏ బండి మీద వచ్చి హారన్ కొట్టినా, అది మోటారు సైకిలైనా, సైకిలైనా, పిల్లల మూడు చక్రాల బండైనా సరే, ముందుగా పోయి వెనక సీటెక్కి కూర్చుంటాను. మా వంశగౌరవం కావాలంటే బస్సులో వస్తుంది.